దవాఖానా కొలువుకు దారి పదో తరగతి నుంచే

చాంద్రాయణగుట్ట: కల్వకుర్తి, ఆమనగల్లు, కడ్తాల, కందుకూరు వైపు పల్లెల నుంచి శ్రీశైలం రోడ్డు మీదుగా నగరానికి వచ్చేవారికి పాతబస్తీ గడప చాంద్రాయణగుట్ట చౌరస్తా. తెల్లవారగానే ఇక్కడ బస్సు దిగేవారిలో పనుల మీద వచ్చినవారు, చుట్టాల ఇళ్ళకు వచ్చినవారు ఎందరున్నా, చంకలో ఎక్స్‌రే కవరు, చేతిలో మందుల చీటీ పట్టుకుని దిక్కులు చూసేవారు రోజూ కనిపిస్తారు. వారిలో కొందరు ఆటో ఎక్కి కంచన్‌బాగ్ వైపు ఒవైసీ ఆసుపత్రికి వెళతారు. కొందరు షాలిబండలోని ప్రిన్సెస్ ఎస్రా ఆసుపత్రికి వెళతారు. జబ్బు ముదిరినవారు మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియాకు, పసిపిల్లలను ఎత్తుకుని వచ్చినవారు నీలోఫర్‌కు పోతారు.

రోగులుగా ఈ దారి పట్టేవారికి కొదవ లేదు. ఆ ఆసుపత్రులలో సూది వేసేవారుగా, రక్తం పరీక్షించేవారుగా, ఎక్స్‌రే తీసేవారుగా చేరడానికి ఈ దారి పట్టే పిల్లలు మాత్రం తక్కువే. పల్లె హైస్కూలులో పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే 'డాక్టర్' అంటూ కొన్ని చేతులైనా లేస్తాయి. నర్సు అవుతానని, ల్యాబ్ టెక్నీషియన్ అవుతానని లేచే చెయ్యి అరుదు. అలాంటి కొలువులు ఉన్నాయని, వాటికి తయారు కావడం హైస్కూలులోనే మొదలవుతుందని చెప్పేవారు లేకపోవడమే ఇందుకు కారణం. పదో తరగతి ఫలితాలు వచ్చాక ఏ గ్రూపు తీసుకోవాలో పొరుగింటివారిని అడిగి నిర్ణయించడం పరిపాటి అయింది.

డాక్టరు ఒక్కరితో దవాఖానా నడవదు

కంచన్‌బాగ్‌లోని దక్కన్ వైద్య కళాశాల 1984లో మొదలైంది. ఒవైసీ ఆసుపత్రి, ప్రిన్సెస్ ఎస్రా ఆసుపత్రి దాని బోధనాసుపత్రులు. ఇలాంటి పెద్ద ఆసుపత్రికి జ్వరంతో ఒక రైతు వచ్చాడనుకుందాం. డాక్టరు అతడిని చూసేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలకు ముందూ వెనకా ఎన్ని చేతులు పనిచేస్తాయో చూడాలి.

మొదట నర్సు జ్వరం, నాడి, రక్తపోటు చూసి చీటీ మీద రాస్తుంది. డాక్టరు రక్త పరీక్ష రాస్తే రైతు ల్యాబ్‌కు వెళతాడు. అక్కడ టెక్నీషియన్ నరం వెతికి రక్తం తీసి రంగురంగుల మూతల గొట్టాలలో పోస్తాడు. ఆ రంగులు అందం కోసం కావు. ఊదా మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు ఉంటుంది. రక్త కణాలను లెక్కించడానికి అది కావాలి. బూడిద రంగు మూత గొట్టం చక్కెర పరీక్షకు. అందులోని ఫ్లోరైడ్, రక్త కణాలు చక్కెరను తినివేయకుండా ఆపుతుంది. ఎర్ర మూత గొట్టంలో రక్తాన్ని గడ్డకట్టనిచ్చి పైకి తేలిన సీరం తీసుకుంటారు. గొట్టం మారితే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే డాక్టరు ఎంత గొప్పవాడైనా రాసే మందు తప్పుతుంది.

మలేరియా అనుమానం ఉంటే అదే టెక్నీషియన్ గాజు పలక మీద రక్తపు చుక్క పరిచి సూక్ష్మదర్శినిలో చూస్తాడు. ఈ పనికీ హైదరాబాద్‌కూ పాత బంధుత్వం ఉంది. రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న దోమ కడుపును కోసి, సూక్ష్మదర్శినిలో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాజు పలక చూసే ల్యాబ్ టెక్నీషియన్ చేసేది అదే చూపు పని. దానికి ఓపిక కావాలి, శుభ్రత కావాలి.

ఇక ఎక్స్‌రే గదిలో రేడియోగ్రాఫర్, ఆపరేషన్ గదిలో పరికరాలు సిద్ధం చేసే థియేటర్ టెక్నీషియన్, మందులిచ్చే ఫార్మసిస్టు, విరిగిన కాలు అతికాక నడక నేర్పే ఫిజియోథెరపిస్టు ఉంటారు. మూత్రపిండాలు చెడినవారికి సాధారణంగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున రక్తశుద్ధి చేయాలి. అంతసేపూ యంత్రం పక్కన నిలబడి చూసుకునేది డయాలసిస్ టెక్నీషియన్.

ఈ కొలువులన్నీ నగరంలోనే ఉన్నాయనుకోరాదు. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రభుత్వ ప్రమాణం. ఒకప్పుడు మలేరియాకు ఒక ఉద్యోగి, మశూచికి ఒకరు, కుటుంబ నియంత్రణకు మరొకరు ఇంటింటికీ తిరిగేవారు. ఇలా వేర్వేరుగా తిరగడం మాని, ఒకే ఉద్యోగి అన్ని పనులూ చూడాలని 1973లో కర్తార్ సింగ్ కమిటీ చెప్పింది. మన ఊళ్ళో టీకాలు వేసే నర్సమ్మ కొలువుకు 'మల్టీపర్పస్' అన్న పేరు అలా వచ్చిందే. 2024 సెప్టెంబరులో రాష్ట్ర వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 2,000కు పైగా నర్సింగ్ ఆఫీసర్, 1,200కు పైగా ల్యాబ్ టెక్నీషియన్, 600కు పైగా ఫార్మసిస్టు పోస్టులకు దరఖాస్తులు పిలిచింది. అర్హత ఉన్న చదువు ముందే చదివినవారికే ఆ దరఖాస్తు ఫారం పనికివచ్చింది.

బైపీసీ ఒకటి, వృత్తి విద్య ఒకటి

పదో తరగతి తర్వాత ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది ఇంటర్‌లో బైపీసీ. డాక్టరు చదువుకు, బీఎస్సీ నర్సింగ్‌కు, ఫిజియోథెరపీ డిగ్రీకి, పారామెడికల్ చదువులకు ఇదే పునాది.

ఎంబీబీఎస్‌కు 'నీట్' పరీక్ష రాయాలి. భౌతిక, రసాయన శాస్త్రాలలో 45 చొప్పున, జీవశాస్త్రంలో 90, మొత్తం 180 ప్రశ్నలు. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. రంగారెడ్డి జిల్లాకు మహేశ్వరం పేరుతో ప్రభుత్వ వైద్య కళాశాలను 50 సీట్లతో 2024లో అనుమతించారు. మన జిల్లా పేరున కళాశాల రావడం సంతోషమే. అయినా ఆ 50లో 15 శాతం అఖిల భారత కోటాకు పోతాయి. మిగిలినవాటికి రాష్ట్రమంతా పోటీ పడుతుంది. నీట్ రాయడం మంచిదే. అది రాకపోతే చదువే లేదని ఇంట్లో కూర్చోవడం, అప్పు చేసి ఏటా మళ్ళీ మళ్ళీ కోచింగ్‌కు పంపడం మాత్రం మంచిది కాదు. నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్, మూడేళ్ళ జీఎన్ఎం, రెండేళ్ళ డీఫార్మసీ, డిప్లొమా ల్యాబ్ కోర్సులు అన్నీ అదే ఇంటర్ తర్వాత ఉన్నవే. జీఎన్ఎంకు బైపీసీయే కానక్కరలేదు, ఇతర గ్రూపుల వారు కూడా చేరవచ్చు.

రెండో దారి ఇంటర్‌లోనే వృత్తి విద్య. బాలికలకు మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు, అందరికీ మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్, కంటి పరీక్షల టెక్నీషియన్, ఫిజియోథెరపీ వంటి రెండేళ్ళ కోర్సులు ఉన్నాయి. అన్ని కాలేజీలలో అన్నీ ఉండవు. త్వరగా కొలువులో చేరవలసిన ఇళ్ళ పిల్లలకు ఇది దగ్గర దారి. పై చదువులకు పోదలచినవారు బ్రిడ్జి కోర్సు పరీక్షలు రాయాలి. అది రాయకుండా ఇంటర్ ముగించి, తర్వాత డిగ్రీ సీటు కోసం వెళితే గుమ్మంలోనే ఆపేస్తారు.

ఇక్కడే చాలామంది ఎరగని మెలిక ఒకటుంది. హెల్త్ వర్కర్ కోర్సులో ఇంటర్ పాసైనంత మాత్రాన నర్సమ్మ కొలువుకు అర్హత రాదు. ఆ తర్వాత ప్రభుత్వం అంగీకరించిన ఆసుపత్రిలో ఒక ఏడాది క్లినికల్ శిక్షణ పూర్తి చేయాలి. అటుపైన రాష్ట్ర నర్సులు, మంత్రసానుల కౌన్సిలులో పేరు నమోదు చేసుకోవాలి. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివినవారు కూడా ఏడాది అప్రెంటిస్ శిక్షణ పొంది పారామెడికల్ బోర్డులో నమోదు కావాలి. రెండేళ్ళు కష్టపడి చదివి, మూడో ఏడు సంగతి తెలియక మెమో పెట్టెలో దాచుకున్న ఆడపిల్లలు పల్లెల్లో ఉన్నారు. నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తితే ఏడాది శిక్షణ ఒక్క నెలలో రాదు.

బోర్డు చూసి మోసపోకండి

నగరంలోకి వచ్చే ఏ రోడ్డు మీదైనా గోడల మీద, స్తంభాల మీద ప్రకటనలు కనిపిస్తాయి. ఆరు నెలల్లో నర్సింగ్, ఏడాదిలో ల్యాబ్, పది ఫెయిలైనా సరే, నూటికి నూరు ఉద్యోగ హామీ! వీటిలో అనుమతి ఉన్నవి ఏవో, లేనివి ఏవో గోడ చెప్పదు. పిల్లను చేర్చి, ఎకరం అమ్మి ఫీజు కట్టాక, చేతికొచ్చిన సర్టిఫికెట్ ఏ కౌన్సిలులోనూ చెల్లదని తెలిస్తే ఆ ఇల్లు కోలుకోవడం కష్టం.

ఆసుపత్రిలో రోగి ఒంటి మీద చెయ్యి వేసే కొలువుకు కావలసింది రంగు కాగితం కాదు, కౌన్సిలు నమోదు. కనుక చేరేముందు తండ్రి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: చదువు పూర్తయ్యాక పేరు ఎక్కడ నమోదు చేస్తారు? నర్సింగ్ అయితే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిలు, భారత నర్సింగ్ కౌన్సిలు అనుమతి చూపాలి. డిప్లొమా టెక్నీషియన్ కోర్సులైతే పారామెడికల్ బోర్డు అనుమతి, ఫార్మసీ అయితే ఫార్మసీ కౌన్సిలు అనుమతి ఉండాలి. డిగ్రీలయితే వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం గుర్తింపు కావాలి. అనుమతి ఎప్పుడో వచ్చిందంటే చాలదు. చేరే ఏడాదికి ఉందా, ఎన్ని సీట్లకు ఉందన్నది చూడాలి. కట్టిన ప్రతి రూపాయికి రసీదు తీసుకోవాలి. అసలు సర్టిఫికెట్లు ఎవరి బల్ల సొరుగులోనూ వదలరాదు.

నర్సింగ్, ఫార్మసీ కౌన్సిళ్ళ కిందికి రాని వృత్తుల కోసం 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ల్యాబ్, రేడియాలజీ, డయాలసిస్, ఫిజియోథెరపీ వంటి 50కి పైగా వృత్తులకు జాతీయ కమిషన్ ఉండాలన్నది ఆ చట్టం సారాంశం. నమోదు లేనివారికి ఇకముందు తలుపులు మరింతగా మూసుకుంటాయి.

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో చేయవలసింది

దవాఖానా చదువుకు తయారీ కాలేజీలో కాదు, హైస్కూలులోనే మొదలు కావాలి. దానికి పెద్ద ఖర్చేమీ లేదు. ముల్లు ఉన్న గడియారం ఒకటి, థర్మామీటరు ఒకటి చాలు. పిల్లలు తమ మణికట్టు మీద వేళ్ళుంచి నిమిషం పాటు నాడి లెక్కపెట్టాలి. బడి చుట్టూ ఒక పరుగు తీసి మళ్ళీ లెక్కపెట్టాలి. కదలకుండా కూర్చున్న పెద్దవారికి నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవడం మామూలు. పరుగు తర్వాత ఎందుకు పెరిగిందన్న ప్రశ్న లేస్తే గుండె పాఠం సగం వచ్చినట్లే. వాంతులు, విరేచనాలు పట్టుకున్నవారికి ఇచ్చే నీళ్ళు ఎలా కలపాలో ప్రతి విద్యార్థీ చేసి చూడాలి. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

లెక్కల మాస్టారికి కూడా ఇందులో పని ఉంది. పిల్లవాడి బరువు 10 కిలోలు. డాక్టరు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున జ్వరం మందు రాశాడు. సీసా మీద 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములని ఉంది. ఎంత పోయాలి? కావలసింది 150 మిల్లీగ్రాములు, మిల్లీలీటరుకు 50, కనుక 3 మిల్లీలీటర్లు. ఇది పాత త్రైరాశికమే. పరీక్ష కాగితం మీద చుక్క తప్పు చోట పడితే ఒక మార్కు పోతుంది. వార్డులో పడితే 3 కు బదులు 30 పోస్తారు. లెక్కలు రావు కనుక బైపీసీలో చేరతాననే పిల్లలు ఈ సంగతి గ్రహించాలి.

తొమ్మిది, పది తరగతుల వృత్తి విద్యలో 'హెల్త్‌కేర్' ఒక పాఠ్యాంశంగా దేశంలో కొన్ని బడులలో ఉంది. భోపాల్‌లోని పండిత సుందర్‌లాల్ శర్మ కేంద్రీయ వృత్తి విద్యా సంస్థ దీనికి పాఠాలు రూపొందించింది. ఇంట్లో మంచం పట్టిన రోగిని ఎలా చూసుకోవాలో తొమ్మిది, పదిలో నేర్పుతారు. ఇంటర్ స్థాయిలో వార్డు పనులు వస్తాయి. ఆసుపత్రి చెత్తను ఏ రంగు డబ్బాలో వేయాలన్నది కూడా అందులో భాగమే. 2016 నిబంధనల ప్రకారం రక్తంతో తడిసిన దూది పసుపు, సెలైన్ గొట్టాలు ఎరుపు, సూదులు తెలుపు, గాజు సీసాలు నీలం. ఈ పాఠ్యాంశం లేని బడులలో కూడా సైన్సు మాస్టారు తలచుకుంటే పిల్లలను వరుసగా నడిపించి దగ్గరి ఆరోగ్య కేంద్రం చూపించవచ్చు. అక్కడి డాక్టరు ఒక పూట ఒప్పుకుంటే చాలు.

చేతులు కడుక్కోవడం మరీ చిన్న సంగతిగా తోస్తుంది. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవపరీక్ష చేసి వచ్చిన వైద్యులు చేతులు క్లోరిన్ నీళ్ళతో కడిగాకే ప్రసవం చేయాలని పట్టుబట్టాడు. బాలింతల చావులు ఒక్కసారిగా తగ్గాయి. తోటి డాక్టర్లు ఆయన మాటను చాలాకాలం నమ్మలేదు. పెద్ద చదువులు చదివినవారే అలా ఉంటే, ఎనిమిదో తరగతి పిల్లలకు అలవాటు చేయడమే తేలికేమో.

రెండు భాషలు వచ్చినవారికి గిరాకీ

వియన్నాలో ఆ సంగతి జరగడానికి ఒక ఏడాది ముందే, 1846లో, నిజాం కాలాన హైదరాబాద్ మెడికల్ స్కూలు మొదలైంది. నేటి ఉస్మానియా వైద్య కళాశాల దాని వారసురాలే. తొలినాళ్ళలో అక్కడ వైద్యం ఉర్దూలోనే నేర్పేవారు. పార్సీ యువతి రూపాబాయి ఫర్దూంజీ 1885లో అందులో చేరి 1889లో 'హకీం' పట్టా పుచ్చుకుంది. ఆపరేషన్‌కు ముందు మత్తు ఇచ్చే విద్యలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఆమె ఒకరని చెబుతారు.

ఈనాడు వైద్య చదువులు ఇంగ్లీషులోనే ఉన్నాయి. నీట్ ప్రశ్నపత్రం 2017 నుంచి తెలుగులో, 2018 నుంచి ఉర్దూలో కూడా ఇస్తున్నారు. అయినా కాలేజీలో చేరాక పుస్తకాలు, చీటీలు, రోగి రికార్డు అన్నీ ఇంగ్లీషే. తెలుగు మీడియం, ఉర్దూ మీడియం పిల్లలు తడబడేది ఇక్కడే. తొమ్మిదో తరగతి నుంచి రోజుకు ఐదు జీవశాస్త్రపు మాటలు ఇంగ్లీషులో రాసి, పక్కన తమ భాషలో అర్థం రాసుకుంటే పది పరీక్షల నాటికి వెయ్యి మాటలు దాటుతాయి.

అదే సమయంలో ఇంటి భాషకు వార్డులో ఉన్న విలువ ఇంతా అంతా కాదు. చాంద్రాయణగుట్ట, బార్కస్ వైపు రోగులు ఉర్దూలో చెబుతారు. బార్కస్‌లో అయితే నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన అరబ్బుల సంతతి ఉంది. శ్రీశైలం రోడ్డు పల్లెల నుంచి వచ్చినవారు 'పానం బాగలేదు, కడుపుల తిప్పుతాంది' అంటారు. ఈ రెండు మాటలూ అర్థం చేసుకుని డాక్టరుకు చెప్పగల నర్సు ఏ ఆసుపత్రికైనా అక్కరకు వస్తుంది. మన జిల్లా పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చిన అర్హత.

రాత్రి డ్యూటీ మాట

ఆడపిల్లను నర్సు చదువుకు పంపడానికి పల్లెల్లోనూ, పాతబస్తీలోనూ ఇప్పటికీ వెనకాడేవారున్నారు. రాత్రి డ్యూటీలు, పరాయి మగవారికి సేవలు అంటూ పెదవి విరుస్తారు. 2020లో కరోనా వచ్చినప్పుడు గాంధీ ఆసుపత్రిలో అయినవారిని చేర్చి గేటు బయట నిలబడినవారికి లోపల తోడుగా ఉన్నది ఎవరు? నర్సులే. పెళ్ళి తొందరలో పదితోనే చదువు మాన్పించే ఇళ్ళలో అమ్మాయికి పదహారు కూడా నిండవు. అదే అమ్మాయి రెండేళ్ళ ఇంటరు, ఒక ఏడాది శిక్షణ పూర్తి చేస్తే పంతొమ్మిదేళ్ళ లోపే తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. అయితే ఆసుపత్రుల యాజమాన్యాలు కూడా రాత్రి డ్యూటీ చేసే ఆడవారికి వసతి, రాకపోకల ఏర్పాట్లు సరిగా చూడవలసి ఉంది. ఆ పని చేయకుండా తల్లిదండ్రులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివి అనుభవం సంపాదించినవారికి విదేశాలలో కూడా అవకాశాలున్నాయి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి ఆ దేశం పంపే ఏర్పాటు చేస్తోంది. గల్ఫ్ పేరు చెప్పి డబ్బు గుంజే దళారుల దగ్గరికి పోయేముందు ఆ కార్యాలయంలో అడగడం మేలు.

ఇంటరుకు పొరుగు రాష్ట్రం పంపే ముందు

చివరగా, నీట్ కోచింగ్ మోజులో పిల్లలను ఇంటరుకు విజయవాడకో, మరో రాష్ట్రానికో పంపేవారు తప్పక తెలుసుకోవలసిన నిబంధన ఒకటుంది. తెలంగాణలో వైద్య సీట్లకు స్థానికులుగా లెక్కించాలంటే ఇంటర్ వరకు వరుసగా నాలుగేళ్ళు, అంటే తొమ్మిదో తరగతి నుంచి, రాష్ట్రంలోనే చదివి ఉండాలని 2024లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దానిపై కోర్టులో వాదోపవాదాలు జరిగాయి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. ఉద్యోగరీత్యా బదిలీ అయిన కొందరు ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మినహాయింపు ఉంది. రైతుకు, కూలీకి అది వర్తించదు. పుట్టి పెరిగింది కందుకూరులోనే అయినా, ఇంటర్ రెండేళ్ళు విజయవాడలో చదివితే స్థానిక కోటా చేజారవచ్చు.

కనుక తొమ్మిదో తరగతి నుంచి ప్రతి ఏటి స్టడీ సర్టిఫికెట్ అడిగి తీసుకుని భద్రపరచాలి. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేటప్పుడే బడి రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఆధార్‌లో ఉన్నట్లే ఉన్నాయో లేదో హెడ్మాస్టరు దగ్గర కూర్చుని సరిచూసుకోవాలి. మెమో అచ్చయి వచ్చాక ఒక్క అక్షరం దిద్దించడానికి నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం మండల కార్యాలయంలో మే నెలలోనే దరఖాస్తు చేసుకుంటే జూన్‌లో అడ్మిషన్ల నాటికి చేతికి వస్తాయి.